జానెడు ఎత్తు

“ఆ గేజీని అక్కడెందుకు కట్టీసేరు సిస్టరమ్మా?”

ఆ ప్రశ్నకు హెడ్ సిస్టరు కెజియాకు ఒళ్లు మండింది. న్యూరో ఐసీయూలో రోగి తాలూకు మనుషుల్ని లోపలికి పంపేది రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున. ఆ పావుగంటలో జనం ఏడుస్తారు, పేరు పెట్టి పిలుస్తారు, సబ్బుతో కడుక్కున్న చేతుల్తో కూడా తమ మనిషిని తాకడానికి భయపడతారు. నాలుగో మంచం మీదున్న నూకరత్నం అన్న ఎల్లాజీ మాత్రం ఇవేవీ చెయ్యలేదు. చెల్లెలి ముఖం ఒకసారి చూసుకుని, ఆ తర్వాత ఆమెకు తగిలించిన గొట్టాలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో ఒక్కొక్కటే చూస్తూ నిలబడేవాడు. మూడు రోజులుగా అదే పని. నాలుగో రోజున, మంచం పట్టెకు కట్టిన ఒత్తిడి కొలిచే డబ్బీని చూపిస్తూ ఈ ప్రశ్న.

“అవన్నీ మీకెందుకండీ? మీ చెల్లితో మాట్లాడుకోండి, టైమైపోతోంది.”

“మాటాడితే ఇంటాదేటి?”

“వింటుందనుకునే మాట్లాడాలి.”

“ఇంటాదని మీరనుకుంటే, ఆ బూడిదెందుకు సూపిస్తన్నాది మరి?”

మంచం పైనున్న తెరవైపు చూపించాడు. అతను లోపలికి రావడానికి కాస్త ముందే ఆ తెర మొత్తం బూడిద రంగుకు తిరిగింది.

ఆ తెర పేరు ధార. ఆస్పత్రి పెద్ద డాక్టరు నీలకంఠం కనిపెట్టినది. వెంట్రుకంత సన్నటి కాంతి తీగలు అల్లిన టోపీ ఒకటి రోగి తలకు తొడుగుతారు. మెదడులో ఏ మూల ఎంత నెత్తురు పారుతోందో పుర్రెను తొలవకుండానే అది బొమ్మ గీస్తుంది. పారే చోట ఎరుపు, తగ్గిన చోట పసుపు, లేని చోట బూడిద. అక్కడితో ఊరుకోదు, తీర్పు కూడా చెబుతుంది. ఒత్తిడి చాలక నెత్తురు పారకపోతే మందుతో ఒత్తిడి పెంచమంటుంది. ఒత్తిడి సరిపడా ఉండి కూడా పారకపోతే, ఆ మెదడు ఇక నెత్తురు తీసుకోదని తేల్చి తెరంతా బూడిద చేస్తుంది. బూడిద అయిన ఇరవై నాలుగు గంటల తర్వాత ఇంటివాళ్ల చేత సంతకం పెట్టించి, మనిషిని పక్క వార్డుకు మార్చి ఊపిరి మిషను ఆపుతారు. రెండేళ్లలో అలా ఇరవై ముగ్గురిని మార్చారు. రేపు పదకొండు గంటలకు నూకరత్నం వంతు.

ముప్పై నాలుగేళ్ల మనిషి. స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా. ఒక పిల్లను రోడ్డు దాటించి వెనక్కి వస్తుంటే లారీ అద్దం తలకు తగిలింది.

“నాను కార్పొరేషన్లో వాల్వు తిప్పుతానమ్మా,” అన్నాడు ఎల్లాజీ గొంతు తగ్గించి. “కొండవాలు కాలనీలన్నిటికీ నీళ్లొదిలేది నానే. కొండ కింద మెయిన్ కాడ గేజీ ముల్లు ఎప్పుడూ బాగానే ఉంటాది. పైన మూడో మెట్ల వరసలో బిందె నిండదు. మా ఇంజనీరు, ఏఈ గారొచ్చి కింద ముల్లు సూసేడు. ప్రెషర్ బాగానే ఉందిరా, పైన పైపులే పూడిపోనాయి, పీకీయండి అనీసేడు. పీకి సూస్తే పైపులు అద్దంలాగున్నాయి. నీళ్లు పైకి ఎక్కనేదు, అంతే.” ఒకసారి చెల్లెలి తలకేసి చూశాడు. “మీరు మా రత్నాన్ని ఏటవాలుగా కూకోబెట్టేరు. గేజీ గుండికాయ కాడ కట్టేరు. తలకాయకి ప్రెషర్ సరిపోయిందంటన్నారు. సరిపోయిందని ఎవులు సూసేరు?”

“ముప్పై ఏళ్లుగా నేనే కడుతున్నాను దాన్ని,” అంది కెజియా. “మీ టైమైపోయింది. బయటికెళ్లండి.”

అతను వెళ్లాడు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ కూడా ఆ డబ్బీ వైపే చూశాడు.

అగ్గిపెట్టెంత డబ్బీ అది. రోగి మణికట్టులో నెత్తురు ఎంత ఒత్తిడితో పారుతోందో ఒక గొట్టం దానికి చెబుతుంది, అది యంత్రానికి చెబుతుంది. దాన్ని కట్టాల్సిన స్టాండ్లు ఈ విశాఖ ఉప్పుగాలికి రెండేళ్లకే తుప్పుపట్టి జారిపోయేవి. అందుకని కెజియా, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, రోగి గుండె ఎత్తుకు వచ్చేలా మంచం పట్టెకే దాన్ని టేపుతో కట్టడం మొదలుపెట్టింది. జారదు, పడదు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. వార్డులో దానికి కెజియా కట్టు అని పేరు పడింది. కొత్త సిస్టర్లకు మొదటిరోజు నేర్పేది అదే. అప్పట్లో రోగుల్ని బల్లపరుపుగా పడుకోబెట్టేవారు, గుండె ఎత్తూ తల ఎత్తూ ఒకటే. తర్వాత వాపు తగ్గడానికి తలవైపు మంచం లేపడం వచ్చింది. తల పైకి లేచింది. డబ్బీ పట్టె దగ్గరే ఉండిపోయింది. ఎవరికీ తోచలేదు.

కెజియా నాలుగో మంచం దగ్గరికి వచ్చి, నూకరత్నం చెవికీ డబ్బీకీ మధ్య చెయ్యి పెట్టి కొలిచింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా సరిగ్గా జానెడు. టేపు విప్పి డబ్బీని చెవి ఎత్తుకు పట్టుకుంది. మెదడుకు అందుతున్న ఒత్తిడి అని చూపించే అంకె అరవై రెండు నుంచి నలభై అయిదుకు పడిపోయింది. పొరపాటు పడ్డాననుకుని మళ్లీ కిందికి దించింది. అరవై రెండు. పైకి లేపింది. నలభై అయిదు.

డబ్బీని అక్కడే కట్టి, మోగిన యంత్రాన్ని ఆపింది; డాక్టర్ని అడక్కుండా మందు మాత్రం పెంచలేదు. ధార చూపు తప్పలేదు. నెత్తురు నిజంగానే పారడం లేదు. తప్పింది తీర్పు. ఈ వార్డులో తొమ్మిదేళ్లుగా రాసిపెట్టిన అంకెలు చూపించే కదా దానికి తీర్పు చెప్పడం నేర్పారు! అరవై దగ్గర కూడా పారని మెదళ్లను అది వందల కొద్దీ చూసింది. అవి నలభై అయిదు దగ్గర దాహంతో ఎండిపోతున్న మెదళ్లని దానికెవరు చెబుతారు?

*

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి, తిన్నగా డాక్టర్ నీలకంఠం గదికి వెళ్లింది. ఆయన ఆమెను నిలబెట్టి మాట్లాడే మనిషి కాదు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, చెప్పేదంతా అడ్డు రాకుండా విన్నాడు.

“ఎంత తేడా వచ్చింది మీకు?”

“పదిహేడు సార్.”

“మాకు పదహారు వచ్చింది.”

కెజియా టీ కప్పు నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది. “మాకంటే?”

ఆయన లేచి తలుపు వేశాడు. “నాలుగు నెలల కిందట మా ఇంజనీరు పట్టుకున్నాడు. కొత్త ధారలో సరిచేసేశాం సిస్టర్. వచ్చే నెల అది పద్దెనిమిది ఆస్పత్రులకు వెళ్తోంది. ఈ మాట ఇప్పుడు బయటికొచ్చిందంటే అన్నిచోట్లా ఆపేస్తారు. ధార వల్ల బతికినవాళ్లు లేరా? మీరే చూశారు కదా. అది ఆగిపోతే ఎంతమంది పోతారో ఆలోచించండి.”

“ఈ నాలుగు నెలల్లో బూడిద చూపించినవాళ్లెంతమంది సార్?”

“ఏడుగురు.”

తడుముకోకుండా చెప్పాడు. ఆ తడుముకోకపోవడం కెజియాకు చెంపమీద కొట్టినట్టుంది.

“వాళ్లలో ఎవరు బతికేవారో ఎవరికీ తెలీదు,” అన్నాడాయన.

“తెలిసేదాకా మనం ఉంచితే కదా సార్! డబ్బీ జానెడు పైకి కట్టండర్రా అని ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది కదా. ఎవరికీ కారణం కూడా చెప్పక్కర్లేదు.”

“చెబితే ఆ రోజు నుంచి రికార్డులో అంకెలన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. ఎందుకు పడ్డాయని అడగరా?”

ఏడుగురు మనుషులు. రికార్డులో ఒక గీత నిటారుగా కిందికి పడితే ఎవరో అడుగుతారని.

“ఇంకో మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి,” అన్నాడు మెత్తగా. “ఆ కట్టు మీ పేరు మీదే ఉంది. రేపు ఎవరైనా వస్తే ముందు అడిగేది మిమ్మల్నే. నేను మిమ్మల్ని కూడా కాపాడుతున్నాను సిస్టర్. డబ్బీ ఎక్కడుండేదో అక్కడ కట్టేసి ఇంటికెళ్లండి.”

కెజియా లేచింది. ఐసీయూలోకి వెళ్లింది. డబ్బీని పట్టె దగ్గర, ఎప్పుడూ కట్టే చోట, కట్టింది. టేపు చివర మడిచి, విప్పడానికి వీలుగా చిన్న కొస కూడా వదిలింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ క్షణంలో తన చేతులు వణకలేదన్నదే ఆమెకు అన్నిటికన్నా అసహ్యంగా తోచింది. డాక్టరు చెప్పాడు, సిస్టరు చేసింది. ముప్పై ఏళ్లుగా చేతులకు అదే అలవాటు.

*

ఇంటికొచ్చేసరికి ఆమె భర్త ప్రభుదాసు వరండాలో గోంగూర ఒలుస్తున్నాడు. పోర్టులో రిటైరై రెండేళ్లయింది. ఆమె ముఖం చూసి గోంగూర పక్కకు జరిపాడు. లేచి కంచం పెట్టి అన్నం వడ్డించాడు. ఆమె తింది. చేతులు కడుక్కుని వచ్చి ఎప్పటిలా గుమ్మం పక్కన పీటమీద కూర్చోబోయి, చటుక్కున లేచి నిలబడింది.

మూడు నెలల కిందట సింహాద్రి అనే వడ్రంగి రెండో మంచం మీద ఉండేవాడు. తెర బూడిదైంది. అతని పెళ్లాం ఎర్రయ్యమ్మ పక్కన కూర్చుని, సంతకం పెట్టేదాకా ధైర్యం చెప్పింది కెజియాయే. నెల తర్వాత ఎర్రయ్యమ్మ ఈ పీట నెత్తిన పెట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. ‘మా ఆయన సేత్తో సేసిందమ్మా. మీరొక్కరే మాతో సల్లగా మాటాడేరు’ అంది. రోజంతా నిలబడే కాళ్లు కదా అని, ఇంత వెడల్పు పీట ఏరి మరీ తెచ్చింది.

“ఏడుగురిలో ఒకడు,” అంది కెజియా.

“ఎవరు?”

“వాడికి తెలుసు ప్రభూ! ఆ నీలకంఠానికి తెలుసు. నాలుగు నెలల్నించి తెలుసు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, ఏం లేదమ్మా, నొప్పి తెలీదమ్మా అని చెప్తుంటే, వాడు పక్క గదిలో కూర్చుని...” ఆమె గొంతు వీధిలోకి వినిపించేంత లేచింది. “నాకూ తెలుసిప్పుడు. తెలిసీ కింద కట్టొచ్చాను. కట్టొచ్చి అన్నం తిన్నాను!”

ప్రభుదాసు ఓదార్చబోలేదు. పీట తీసి లోపలి గదిలో, ఆమెకు కనిపించని చోట పెట్టి వచ్చాడు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నిలబడే విన్నాడు. ఆమె కూర్చోలేకపోతోందని అతనూ కూర్చోలేదు.

“వెనక్కి వెళ్తావా?” అన్నాడు చివరికి.

“వెళ్తే లోపలికి రానివ్వరు. వాడు చెప్పే ఉంటాడు. పొద్దున నా డ్యూటీ ఎనిమిదింటికి. అప్పుడెవడూ ఆపలేడు.”

ఆ మాట నిజమే. కానీ అది సాకు కూడా. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

*

పొద్దున ఎనిమిదింటికి కెజియా ఆరు మంచాల సిస్టర్లనూ పిలిచింది.

“డబ్బీలన్నీ విప్పండి. చెవి ఎత్తుకు కట్టండి.”

“మేడమ్, మీరే కదా...” అంది సునంద. ఆర్నెల్ల కిందట ఆ కట్టు నేర్చుకున్న పిల్ల.

“నేనే. తప్పు నేర్పాను. విప్పండి.”

ఆరు టేపులు ఊడిన చప్పుడు. మరు నిమిషంలో ఆరు యంత్రాలూ ఒక్కసారి మొత్తుకున్నాయి. యాభై, నలభై ఎనిమిది, నలభై ఆరు, నలభై అయిదు. ఆ వార్డులో ఎన్నడూ వినని మోత. సునంద చెవులు మూసుకోబోయి, చేతులు దించేసింది.

“ఆర్డరు ఏముంది?” అంది కెజియా, మోత మీదుగా.

“మెదడుకు అందే ఒత్తిడి అరవై తగ్గకూడదు, తగ్గితే బీపీ లేపే మందు పెంచాలి అనుంది మేడమ్. ప్రతి కేస్‌షీట్లోనూ అదే.”

“అయితే పెంచండి. ఆర్డరులో ఉన్నదే చేస్తున్నాం.”

నీలకంఠం వచ్చేసరికి మందు అరగంటగా ఎక్కుతోంది. ఆయన పరుగెత్తి రావడం ఆ వార్డులో ఎవరూ చూడలేదు. నాలుగో మంచం దగ్గర ఆగి, డబ్బీ చూసి, కెజియాను చూశాడు.

“ఎవరి పర్మిషన్‌తో చేశారిది?”

“మీ ఆర్డరే సార్. అరవై తగ్గకూడదని మీ సంతకంతో ఉంది.”

“నిన్న మీకేం చెప్పాను నేను?”

“నోటితో చెప్పారు. ఈసారి రాసివ్వండి.” కేస్‌షీటు తెరిచి ఆయన ముందు పెట్టి, తన జేబులోని పెన్ను మూత తీసి ఇచ్చింది. “అరవై అక్కర్లేదు, నలభై అయిదు చాలు అని రాసి సంతకం పెట్టండి సార్. ఇప్పుడే మందు తగ్గించేస్తాను.”

ఆయన పెన్ను అందుకోలేదు. మంచాల దగ్గర నుంచి ఆరుగురు సిస్టర్లూ చూస్తున్నారు. ఒక్కరూ తల దించుకోలేదు.

“మీరు నా ఇన్నేళ్ల పని నాశనం చేస్తున్నారు,” అన్నాడు పళ్లు బిగించి.

“మీ పని ఆ టోపీ సార్. అది బాగానే ఉంది. అది నిజమే చెప్పింది, నెత్తురు అందట్లేదు మొర్రో అని. మీరు వినలేదు. ఏడుగురి విషయంలో విని కూడా వినలేదు.” కెజియాకు తన గొంతే కొత్తగా వినిపించింది. “ఇరవై ముగ్గురి విషయంలో నేను వినలేదు. అది నేను చెప్పుకుంటాను, ఎవరికి చెప్పాలో వాళ్లకి. మీది మీరు చెప్పుకోండి.”

పది గంటలకు ఆమెను సస్పెండ్ చేసినట్టు కాగితం వచ్చింది. సంతకం చేసి తీసుకుంది. బయటికి పోయేముందు తెర చూసింది. బూడిద మధ్యలో, ఎడమ చెవి పైన కాస్త దూరంలో, గోరంత మేర పసుపు.

“పదకొండింటికి వాళ్లొస్తే?” అంది సునంద చిన్నగా.

“పసుపు చూపించు. పసుపున్న మనిషిని మార్చకూడదని వాళ్ల రూలే.”

ఆ రోజు నూకరత్నాన్ని ఎవరూ మార్చలేదు.

*

సస్పెండైన తొమ్మిదో రోజున, ఆస్పత్రి గేటు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర కెజియా కాచుకుని కూర్చుంది. ఆరోగ్య శాఖకు ఉత్తరం రాసి పంపి వారమైంది. అందులో ఇరవై ముగ్గురి పేర్లూ ఉన్నాయి. తప్పు చేసినవాళ్ల పేర్లలో మొదటిది ఆమెదే. ఇంకా జవాబు రాలేదు.

పదకొండున్నరకు ఎల్లాజీ బయటికి వచ్చాడు. ఆమెను చూసి గబగబా రోడ్డు దాటాడు.

“కళ్లు తెరిసింది సిస్టరమ్మా! చెంచాతో కాఫీ పోస్తే మింగింది. నన్ను గుర్తుపట్టింది. ఆ సునందమ్మ పుణ్యమాని గోళ్లు కూడా తీసీసి, తలకి నూనె రాసింది.” బల్లమీద కూర్చుని, బడ్డీవాడిచ్చిన టీ గ్లాసు అందుకున్నాడు. “కుడి చెయ్యి లేవట్లేదు. మాట రావట్లేదు. నోరు తెరుస్తాది, గాలొస్తాది అంతే. దాని నోరు మీకు తెల్దు, బస్సులో నలభై మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూకోబెట్టేది. వస్తాదా మాట?”

“కొంచెం రావచ్చు. మొత్తం రాదు.”

“మరేటి, బతికింది. మీ వల్లే...”

“ఆగండి,” అంది కెజియా. “దండం పెట్టకండి. ముందు వినండి. మీరు ఆ రోజు అడిగారే, గేజీ అక్కడెందుకు కట్టారని. మీరు వెళ్లిన పది నిమిషాలకే కొలిచాను. మీరన్నది నిజమని తెలిసింది. డాక్టరు దించెయ్యమన్నాడు. దించేసి ఇంటికెళ్లిపోయాను. మర్నాడు ఎనిమిదింటికి వచ్చి పైకి కట్టాను. మధ్యలో పద్దెనిమిది గంటలు. ఆ కట్టు మొదట కట్టింది కూడా నేనే. అప్పుడే ఉంచుంటే మాట దక్కేదేమో.”

ఎల్లాజీ గ్లాసు పట్టుకునే ఆమె వైపు తిరిగాడు.

“ఇంటికెల్లి ఏటి సేసేరు?”

“అన్నం తిన్నాను.”

అతను లేచాడు. గ్లాసును నేలకేసి కొట్టాడు. బడ్డీవాడు “ఏటి బాబూ!” అని అరిచాడు. “పద్దెనిమిది గంటలు!” అన్నాడు ఎల్లాజీ. “వాల్వు ఒక గంట లేటుగా తిప్పితే నన్ను బూతులు తిడతారమ్మా మా కొండమీద ఆడోళ్లు. బిందెలిసిరీస్తారు. ఒక గంట నీళ్లకి! నా సెల్లి తలకాయ మీకు...” ఆపైన అన్న మాటలు ఆ రోడ్డు మీద పోతున్నవాళ్లంతా విన్నారు. కెజియా కూడా తల ఎత్తుకునే వింది. తొమ్మిది రోజుల్లో ఆమెకు దొరికిన మొదటి న్యాయం అదే అనిపించింది.

తిట్టి తిట్టి అలిసిపోయి, అతను మళ్లీ అదే బల్లమీద, కొంచెం ఎడంగా, కూర్చున్నాడు.

“మిగతావోళ్లకి సెప్పేరా?”

“నిన్న ఒకింటికి వెళ్లాను. సింహాద్రి అని, వడ్రంగి. వాళ్లావిడకు అంతా చెప్పాను, మీకు చెప్పినట్టే.” కెజియా సంచిని ఒళ్లోకి లాక్కుంది. “ఆవిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. ‘మీరేం సేస్తారమ్మా, ఆయన రాత’ అంది. బస్సెక్కేదాకా తోడొచ్చింది.”

“అంతేనేటి? తిట్టనేదా?”

“లేదు.”

“అదీ!” అన్నాడు ఎల్లాజీ. “మా వోళ్లకి డాక్టర్లని తిట్టడం రాదు. నీళ్లోడిని తిడతారు, కరెంటోడిని తిడతారు. తెల్లకోటు కనిపిస్తే సేతులు కట్టీసుకుంటారు. మీరొక్కరే ఎల్తే ఇరవై ముగ్గురూ మజ్జిగే ఇస్తారు. ఆ మజ్జిగ సూపించి ఆ డాక్టరు తప్పించుకుంటాడు.” చేతులు దులుపుకుని లేచాడు. “పేర్లున్నాయా?”

ఆమె సంచిలోంచి కాగితం తీసింది.

“నానొస్తాను. మీరు సెప్పాల్సింది సెప్పండి. ఎలగ తిట్టాలో నాను నేర్పుతాను.”

“ముందు నన్నా?”

“ముందు మిమ్మల్నే,” అన్నాడు. “తరవాత అందరం కలిసి ఆడి కాడికెల్దాం. నడండి.”